నెట్టుకి నీడ పడదు

నిన్న మధ్యాహ్నం కోటయ్య బాబాయ్ నంబర్ నుంచి వాట్సాప్ కాల్ వచ్చింది.

బాబాయే అనుకుని "ఏంది బాబాయ్, మళ్ళీ రూటర్ మొరాయించిందా?" అన్నాను.

బాబాయ్ కాదు. తండా అమ్మాయి శాంతి.

"అన్నా, కోటయ్య తాత లేవట్లేదు. ఒళ్ళు కాలిపోతా ఉంది. ఇక్కడి నుంచి 108కి ఫోన్ పోదు, నెట్టు ఒక్కటే ఉంది. నువ్వు చెయ్యన్నా."

చేశాను. నరసరావుపేటలో నిలబడి, మాచర్ల అవతలి తండాకి అంబులెన్స్ పిలిచాను.

అది చేరేసరికే అయిపోయింది. వడదెబ్బ అన్నారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. బాబాయ్ చుట్టం కాదు, మా వీధి మనిషి. ముప్పై ఏళ్ళు లారీ తోలాడు. పింఛను ఈకేవైసీ కోసం ముసలివాళ్ళు గుట్టలెక్కి, ఫోన్ పైకెత్తి నిలబడటం చూడలేకపోయాడు. పాత వ్యాన్ ఒకటి కొన్నాడు. లోపల మంచం, గ్యాస్ స్టవ్, నీళ్ళ డ్రమ్ము. పైన శాటిలైట్ ఇంటర్నెట్ డిష్.

అదే ఇల్లు. అదే ఆఫీసు. సిగ్నల్ లేని ఊరెక్కడుంటే అక్కడికి.

వీలైనప్పుడల్లా నేనూ వెళ్ళేవాణ్ణి. సేవ, త్యాగం అంటూ కరపత్రాల్లో చదివిందంతా దారి పొడుగునా ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. బాబాయ్ గేరు మారుస్తూ ఊ కొట్టేవాడు.

నెల కిందట అదే తండాకి వెళ్ళాం. శాంతి పాలిటెక్నిక్ వెబ్ ఆప్షన్లకి ఆఖరి రోజు. ఎండ నిప్పులు చెరుగుతోంది. బాబాయ్ వ్యాన్ తీసుకెళ్ళి వేపచెట్టు కింద పెట్టాడు. కొమ్మలు అడ్డమొచ్చి నెట్ పోయింది. ఫారం మధ్యలో ఆగిపోయింది.

ఆ పిల్ల మొహం చూసి నాకు ఒళ్ళు మండింది. అందరి ముందూ అరిచాను.

"నీడ కావాల్సినోడివి ఇంట్లో కూర్చోరాదా? త్యాగం చెయ్యలేనోడికి ఈ బండెందుకు?"

బాబాయ్ తడి తువ్వాలు తలకి చుట్టుకుంటూ నవ్వాడు.

"త్యాగం ఏందిరా పిచ్చినాయాలా! నెట్టుకి నీడ పడదు, అంతే. జరుపుతా, ఉండు."

ఎండలోకి జరిపాడు. ఆప్షన్లు పడ్డాయి. శాంతికి సీటొచ్చింది.

ఆ రోజు నేనే గెలిచాననుకున్నాను.

తర్వాత బాబాయ్ తండాకి ఎన్నిసార్లొచ్చినా చెట్టు నీడన వ్యాన్ ఆపలేదట. నిన్న ఏడుస్తూ శాంతి చెప్పింది. వైఫై అక్కడిదాకా వస్తుందని జనాన్ని చెట్టు కింద కూర్చోబెట్టేవాడట. తను మాత్రం కాలే రేకుల మధ్య, రూటర్ పక్కన.

"కాసేపు ఇట్టా రా తాతా" అని పిలిస్తే, "వద్దులేమ్మా, మావోడు తిడతాడు" అనేవాడట.

ఆ తిట్టేవాణ్ణి నేనే.

బాబాయ్ ఫొటో పెట్టి "డిజిటల్ సేవకుడు" అని రాస్తున్న నాయకులారా, ఆ తండాకి ఒక్క టవర్ వేయించి ఉంటే ఆ మనిషికి అక్కడ పనే ఉండేది కాదు. మిమ్మల్ని తర్వాత తిడతాను. ముందు నన్ను తిట్టుకోనివ్వండి.

పొద్దున వ్యాన్ నేనే తోలుకొచ్చాను. మా వీధి చివర వేపచెట్టు కింద పెట్టాను.

ఫోన్ తీసి యాప్‌లో చూస్తే, డిష్ ఇంకా సిగ్నల్ కోసం వెతుక్కుంటోంది.

స్విచ్ తీసేశాను.

ఇంక నేను తిట్టను బాబాయ్. నీడన చల్లగా పడుకో.