ఊపిరి మధ్యలో పేజీ తిప్పకూడదు

కిందటి వారం మా పక్క ఫ్లాటు అమ్మాయి పార్సిలు పట్టుకుని వచ్చి, "ఆంటీ, యోగా క్లాసులో చేరానండి. ఇంట్లో చూసి చేసుకుందామని ఈ పుస్తకం తెప్పించాను. బానే ఉందంటారా?" అని నా చేతిలో పెట్టింది. అట్ట విప్పగానే నున్నటి ఆర్టు పేపరు, రంగుల ఇంకు, జిగురు కలిసిన వాసన ముక్కుకు తగిలింది. కొత్త పుస్తకం వాసన ఎవరికిష్టం ఉండదు? నాకూ ఇష్టమే గానీ, ఈ రకం కాగితం వాసన తగిలితే మాత్రం ఇప్పటికీ పుస్తకాన్ని కాస్త దూరంగా పట్టుకుంటాను. ఆ పిల్ల ఎదురుగా నిలబడి ఉండగానే నేను కొవ్వూరులో మేముండే అద్దె ఇంటికి, నా తొమ్మిదేళ్ళ వయసుకు వెళ్ళిపోయాను.

తొంభైల చివరి రోజులవి. ఇల్లు గోదావరి గట్టుకు రెండు వీధుల ఇవతల ఉండేది. వేసవిలో బొటనవేలు గుచ్చి జుర్రుకునే ముంజకాయలు, మేడల మీద చాపల్లో ఆరుతున్న మామిడి తాండ్ర తీపి వాసన, ఎండ తగ్గాక వీధి నడుమ బొగ్గుతో గళ్ళు గీసి చీకటిపడేదాకా ఆడిన తొక్కుడుబిళ్ళ, ఆషాఢం వచ్చి గోదావరి ఎర్రబడి ముసురు పట్టిందంటే ఇల్లంతా ఆరని బట్టల ముక్కవాసన. వానంటే అందరికీ పకోడీలు గుర్తొస్తాయి. మాకు అమ్మ ఆయాసం గుర్తొచ్చేది. అమ్మకు ఉబ్బసం. నూనె పొగ పడదని నాన్నే పెరట్లో రేకు కింద కుంపటి పెట్టుకుని పకోడీలు వేసేవాడు, సగం మాడ్చేవాడు, మాడినవే కరకరలాడతాయని మమ్మల్ని దబాయించేవాడు.

ముసురు రోజుల్లోనే కాదు, మామూలు రోజుల్లో కూడా అమ్మ నడుం వాల్చి పడుకోలేకపోయేది. గోడకు రెండు దిళ్ళు చేర్చుకుని, కూర్చునే నిద్రపోయేది. అమ్మలందరూ అలాగే నిద్రపోతారని నేను చాలాకాలం అనుకున్నాను. ఒక ఆదివారం ఆటకు పిలవడానికి స్నేహితురాలి ఇంటికి వెళ్తే, వాళ్ళమ్మ నేల మీద వెల్లకిలా పడుకుని హాయిగా గురక పెడుతోంది. ఎంత ఆశ్చర్యపోయానో చెప్పలేను. ఆ రోజు నుంచి మా అమ్మ కూడా అలా పడుకుంటే చూడాలని నాకొక కోరిక పట్టుకుంది.

ఆ ఏడాదే అమ్మ యోగా క్లాసులో చేరింది. ఎలిమెంటరీ స్కూలు వరండాలో వారానికి మూడు రోజులు, తెల్లవారగానే, పదిమంది ఆడవాళ్ళు తుంగ చాపలు పరుచుకునేవారు. నేర్పేది రాజ్యలక్ష్మి టీచరు గారు. అరవై దాటిన మనిషి, హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు, మా నాన్నకు కూడా ఎనిమిదో తరగతిలో ఆవిడే చెప్పారు. బజార్లో కూరలు బేరమాడుతుంటే మామూలు మామ్మగారే. నేత చీర కొంగు బొడ్లో దోపుకుని చాప మీద ఒంటికాలిపై నిలబడితే మాత్రం, గింజలు ఏరుకునే పిచుకలు ఆవిడ పాదం పక్కదాకా వచ్చేసేవి. మెట్టు మీద కూర్చుని నోరు తెరుచుకుని చూసేదాన్ని. మనిషి అంత కదలకుండా ఉండగలదని నాకు అంతకుముందు తెలియదు.

"మందులు మానొద్దమ్మా, ఇది మందుకి తోడు, అంతే" అని ఆవిడ అమ్మకు మొదటిరోజే చెప్పారు. మూడు నెలలకు అమ్మ రెండు బిందెలు వరసగా మోయగలిగింది. వచ్చిన చిక్కల్లా క్లాసు లేని రోజులతోనే. ఏది ముందో, ఏది వెనకో, ఎప్పుడు పీల్చాలో, ఎప్పుడు వదలాలో వీధి మలుపు తిరిగేసరికి కలగాపులగం అయిపోయేది. చూసి చేసుకోవడానికి పుస్తకం ఒకటుంటే బాగుండునని నాన్నను అడిగింది.

మా నాన్న దేన్నయినా బరువు చూసి కొనే మనిషి. పుచ్చకాయయినా, ఇత్తడి గిన్నయినా, డిక్షనరీ అయినా అంతే. రాజమండ్రి నుంచి రెండు చేతులతో మోసుకొచ్చాడు ఆ పుస్తకాన్ని. నున్నటి కాగితం, పేజీ నిండా రంగుల ఫోటోలు, మెడ వెనక కాలు వేసుకుని నవ్వుతున్న ఒకాయన. "రెండొందల ఆసనాలున్నాయే ఇందులో!" అన్నాడు గర్వంగా. అమ్మకు కావలసినవి పది. పైగా ఆమెకు అచ్చులో ఉన్నదంటే తిరుగులేని మాట. కళ్ళు మూసుకుని చేయాలి గనక చదివే పని నాకు అప్పజెప్పారు. స్కూల్లో పాఠం పైకి చదివేది నేనే, నాకు పట్టపగ్గాల్లేవు.

శనివారం ఉదయం అమ్మ తాడాసనం వేస్తోంది. "మడమలు పైకెత్తి, చేతులు తలమీదుగా చాచి, నిండుగా శ్వాస పీల్చి నిలుపవలెను" అని చదివాను. పేజీ అయిపోయింది. తిప్పితే పేజీ నిండా ఫోటో. ఆ ఆసనంలోనే ఒక మనిషి కొండ కొన మీద నిలబడి ఉన్నాడు, వెనక మంచు కప్పిన కొండలు, వాటి మీద పొద్దుటెండ. మంచు నేనెప్పుడూ చూడలేదు. మా ఊళ్ళో ఎత్తంటే గోదావరి గట్టే. ఆ తెలుపు మీద గులాబీ రంగు ఎలా వచ్చిందా అని చూస్తూ ఉండిపోయాను. "నెమ్మదిగా వదలవలెను" అన్న మాట ఆ ఫోటో వెనక పేజీలో ఉంది. అమ్మ చేతులు ఎత్తి, కళ్ళు మూసుకుని, నా మాట కోసం అలాగే ఆగి ఉంది.

నేను తలెత్తేసరికి అమ్మ గోడ పట్టుకుని జారిపోతోంది. గొంతులో పిల్లికూతలు, నల్లబడిన పెదాలు. నాన్న రిక్షాలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇంజక్షను చేయించుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. "ఆ క్లాసూ వద్దు, ఈ పుస్తకమూ వద్దు" అని నాన్న పుస్తకాన్ని అటకెక్కించాడు. నేను బొమ్మ చూస్తూ ఆగిపోయిన సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మా అమ్మను నేనే చంపబోయాననుకున్నాను. అన్నం సహించేది కాదు.

పది రోజుల తరవాత టీచరు గారే ఇంటికి వచ్చారు. నాన్న గబగబా లేచి మడిచికట్టిన లుంగీ దించుకున్నాడు.

"ఏరా సత్యం, మీ ఆవిడని పంపట్లేదేంటి?"

"దీనిచేత పుస్తకం చదివించుకుని చేసిందండి టీచరు గారూ. ప్రాణం మీదకొచ్చింది. ఇంక వద్దండి."

ఆవిడ అటక మీది పుస్తకం దింపించి నాలుగు పేజీలు తిరగేశారు. "ఆదివారం రాజమండ్రి వెళ్దాం. చదివే పిల్లనీ తీసుకురా" అని మాత్రం అన్నారు. ఎనిమిదో తరగతి నాటి భయం ఇంకా పోలేదేమో, నాన్న బుద్ధిగా తలూపాడు.

పైన రోడ్డు, కింద పట్టాలు ఉండే గోదావరి వంతెన మీద బస్సు వెళ్తుండగా కింద రైలు వెళ్ళి సీటు కింద వణుకు పుట్టింది. మామూలుగా అయితే కిటికీలోంచి తొంగి చూసేదాన్ని, ఆ రోజు చూడలేదు. టీచరు గారు తీసుకెళ్ళిన పుస్తకాల కొట్టు ఇరుకుగా, పొడుగ్గా ఉండేది. చెప్పులు బయట విప్పి, చాప మీద కూర్చుని ఎంతసేపైనా చదువుకోనిచ్చేవారు. కొట్టాయన ఎనిమిది యోగా పుస్తకాలు తెచ్చి ముందు పెట్టాడు. టీచరు గారు వాటి అట్టల వంక కూడా చూడలేదు. లేచి నిలబడి కళ్ళు మూసుకుని, "చదువు" అన్నారు నాతో.

మొదటి పుస్తకం తీసి, "చిత్రములో చూపిన విధముగా నిలబడి" అన్నానో లేదో, "కళ్ళు మూసుకున్నదానికి చిత్రమేం కనపడుతుందే? పక్కన పెట్టు" అన్నారు. రెండోది ఉపయోగాలు మూడు పేజీలు చెప్పి, చేసే పద్ధతి మూడు ముక్కల్లో తేల్చేసింది. మూడోది తీశాను. తాడాసనం. ఆవిడ చేతులు పైకి వెళ్ళాయి, మడమలు లేచాయి, ఊపిరి నిండింది. పేజీ అయిపోయింది. నా వేలు కాగితం అంచు మీద ఆగిపోయింది.

"తిప్పవేమే?" అన్నాడు నాన్న.

తిప్పలేకపోయాను. ఏడుపు తన్నుకొచ్చింది. "అప్పుడు నేను బొమ్మ చూస్తూ ఉండిపోయాను నాన్నా. అమ్మ నాకోసం ఆగింది" అన్నాను. టీచరు గారు అలాగే మునివేళ్ళ మీద ఉన్నారు. కొట్టాయన పుస్తకాల కట్టకు దారం చుట్టడం ఆపేశాడు, పుస్తకాలు చూసుకుంటున్న ఇద్దరు తలలెత్తారు. ఆ ముసలి ఒళ్ళు ఊగలేదు, వణకలేదు. అప్పుడు నా ఏడుపే ఆగిపోయింది. చాలాసేపటికి ఊపిరి పొడుగ్గా వదులుతూ, మడమలు నేలకు ఆనించి, కళ్ళు తెరిచారు.

"చూశావా సత్యం? ఊపిరి మధ్యలో పేజీ తిప్పమంటోంది ఈ పుస్తకం. నువ్వు తెచ్చిందీ అంతే. పిల్ల తప్పేం లేదురా."

నాన్న జేబురుమాలుతో నా మొహం తుడిచాడు. "దాన్ని తెచ్చింది నేను కదే" అన్నాడు.

చివరికి కొన్నది అన్నిటికన్నా పలచటి పుస్తకం. ముతక కాగితం, గుమ్మడికాయ తలలతో గీతల బొమ్మలు. అయితేనేం, ఆసనానికి ఒకే పేజీ. ఎలా మొదలుపెట్టాలో, ఎలా బయటికి రావాలో, ఎవరు చేయకూడదో అంతా అందులోనే ఉంది. బస్సులోనే ఆవిడ పెన్సిలుతో అమ్మకు కూడని వాటిని కొట్టేశారు. "క్లాసులో నేర్చుకున్నది గుర్తుచేస్తే చాలు పుస్తకం. కొత్తవి నేర్పితే నాకు పోటీ అవుతుంది" అని నవ్వారు.

ఆ పుస్తకాన్ని ఏడాది పాటు క్లాసు లేని రోజుల్లో చదివాను. మాటకీ మాటకీ మధ్య అమ్మ ఊపిరి వినడం నేర్చుకున్నాను. మరుసటి శ్రావణంలో ఒక ఆదివారం, పనసపొట్టు కూరతో భోజనాలయ్యాక ఆటకు పోయి, చినుకులు పడితే పరుగెత్తుకొచ్చాను. అమ్మ నేల మీద వెల్లకిలా పడి ఉంది. వంగి ముక్కు దగ్గర వేలు పెట్టాను. వెచ్చగా తగిలింది, ఆగింది, మళ్ళీ వెచ్చగా తగిలింది. పిల్లికూత లేదు. అమ్మ పడుకుని నిద్రపోతోంది. నాన్న వచ్చి చూసి, చప్పుడు చేయకుండా గుమ్మంలోనే చతికిలబడ్డాడు, పక్కింటావిడ వస్తే చేత్తోనే వెళ్ళమని సైగ చేశాడు. ఇద్దరం అమ్మ లేచేదాకా చూస్తూ కూర్చున్నాం. తరవాత నేను మంచు కొండలు చూశాను, సముద్రాలు చూశాను. అంత గొప్పది మాత్రం చూడలేదు.

పక్క ఫ్లాటు అమ్మాయి తెచ్చిన పుస్తకంలోనూ పీల్చడం ఒక పేజీలో, వదలడం వెనక పేజీలో ఉంటే, తిప్పి పంపేయమని చెప్పాను. టీచరు గారు ఇప్పుడు లేరు. ఆ కొట్టులో ఫోన్లు అమ్ముతున్నారు. స్కూలు వరండాకు గ్రిల్ పెట్టి తాళం వేశారు. మొన్న పెళ్ళికి కొవ్వూరు వెళ్ళి, పనిగట్టుకుని మా వీధికి వెళితే, మేమున్న ఇల్లు కూల్చేసి అపార్ట్‌మెంటు కట్టారు. నా పక్కన అమ్మ ఉంది, డెబ్బై దాటింది. ఇల్లు పోయిందని నేను దిగులుపడ్డాను గానీ ఆవిడ పడలేదు. ఆ ఇంట్లో అమ్మ కూర్చుని నిద్రపోతూ తల ఆనించుకునే చోట గోడ మీద అరచేయంత తలనూనె మరక ఉండేది. ఏటా దసరాకు సున్నం వేయించినా నెల తిరక్కుండా మళ్ళీ తేలేది. అమ్మ పడుకుని నిద్రపోయిన ఆ ఏడు వేయించిన సున్నం మాత్రం, మేము ఇల్లు ఖాళీ చేసేదాకా తెల్లగానే ఉంది.