మిక్సీకి బదులు మస్కట్

మూడేళ్లపాటు మా వీధిలో ఎవరింట్లో ఫ్రిజ్ పాడైనా నాకు లోపల సంతోషంగా ఉండేది. పైకి మాత్రం "అయ్యో, ఎండల్లో ఎంత ఇబ్బందండీ" అనేదాన్ని. ఆ వెంటనే "కొత్తది కొనేటప్పుడు చెప్పండి, నేనూ వస్తాను" అనేదాన్ని. వాళ్లతోపాటు అమలాపురం వెళ్లి, వాళ్లు ఫ్రిజ్ ఎంచుకున్నాక నా క్రెడిట్ కార్డు తీసి షాపతనికి ఇచ్చేదాన్ని. వాళ్లు నోట్లు నా చేతిలో పెట్టేవాళ్లు. ఇంటికి వెళ్లేలోపే నేను వాటిని బ్యాంకులో కట్టేసేదాన్ని. ఫ్రిజ్ వాళ్లకి, పాయింట్లు నాకు.

నేను అమలాపురం దగ్గర ఒక పల్లెలో లెక్కల టీచర్ని. మావారికి ముక్తేశ్వరంలో కొబ్బరికాయల వ్యాపారం. ఆ కార్డు నేను కోరి తెచ్చుకున్నది కాదు, జీతం పడే బ్యాంకు వాళ్లు అంటగట్టారు. ఓ రోజు 'కార్డుతో కొన్నందుకు మీకు వచ్చిన పాయింట్లతో ఈ వస్తువుల్లో ఏదైనా తీసుకోవచ్చు' అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఉన్నవాటిలో మిక్సీ నచ్చింది. ఆ సాయంత్రం మా అక్క టికెట్టు పనిమీద ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్లినప్పుడు, అక్కడి పెద్దాయనకి ఆ మిక్సీ బొమ్మ చూపించాను.

మా అక్క మస్కట్‌లో ఆడవాళ్ల బట్టలు కుట్టే షాపులో పనిచేస్తుంది. బావగారు పోయిన మరుసటి ఏడు వెళ్లింది. ఇరవై రెండేళ్లయింది. కూతురి చదువూ పెళ్లీ ఆ కుట్టుమిషను మీదే నడిపింది. రెండేళ్లకోసారి ఇంటికి వస్తుంది. షాపు ఓనరు టికెట్టుకిచ్చే డబ్బులో నాలుగు రాళ్లు మిగుల్చుకోవాలని అన్నిటికన్నా చవక టికెట్టే కావాలంటుంది కాబట్టి రెండుచోట్ల దిగి, మళ్లీ ఎక్కి, విమానాశ్రయాల్లో నేలమీద కునుకు తీసి వస్తుంది. ఆ టికెట్లన్నీ కొనిచ్చింది ఈ పెద్దాయనే.

ఆయన కళ్లజోడు పైకి తోసి మిక్సీ కేసి చూశారు.

"తీసేసుకున్నారాండీ?"

"ఇంకా లేదండి. నొక్కడమే తరువాయి."

"నొక్కకండి టీచరుగారూ. మీకిది దండగ."

పాయింటుకి సొంత విలువంటూ ఏమీ ఉండదని, దాన్ని దేనికి మార్చుకుంటే ఆ విలువేనని ఆయన చెప్పారు. మిక్సీకి మారిస్తే పావలా. విమాన కంపెనీలకీ మైళ్లని ఇలాంటి పాయింట్లే ఉంటాయట, వాటిలోకి మార్చుకుని మామూలు సీటు తీసుకుంటే అర్ధరూపాయి. ముందువైపు పెద్దసీట్లుంటాయి, వాటికైతే రూపాయి దాటుతుంది.

"టికెట్లమ్ముకునే మీరే నాకు ఉచిత టికెట్టు సంగతి చెబుతున్నారేంటండీ?" అన్నాను.

"ఆయ్, చెప్పకుండా ఎలాగండి. ఇన్నేళ్లలో మీ అక్కగారు ఇటు వచ్చేరు గాని, ఇట్నించి ఆవిణ్ణి చూడ్డానికి ఒక్కరైనా వెళ్లేరా?"

మిక్సీ వద్దనుకుని ఇంటికి వచ్చేశాను.

అక్కణ్ణించి మొదలైంది. మావారి లారీకి డీజిలు నా కార్డుతోనే కొట్టించాలన్నాను. తోటి టీచరమ్మ ఇంట్లో పెళ్లయితే పట్టుచీరల షాపులో ముందు వరసలో కూర్చున్నది నేనే. పెళ్లికూతురి మేనత్త కూడా నా వెనకే కూర్చుంది. ఎవరైనా టీవీ బాగుచేయిస్తామంటే "ఎందుకండీ, ఆరేళ్లు చూసేరు కదా" అని మెల్లగా కొత్తదాని వైపు మళ్లించేదాన్ని. మావారు కొన్నాళ్లు చూసి, "నువ్వు వీధిలోకి వస్తుంటే జనం ఫ్రిజ్‌లు దాచుకుంటున్నారే" అన్నారు. నేను పట్టించుకోలేదు. ఏడాది తిరిగేసరికి ఆయనే సిమెంటు కొనబోతున్న తన స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని ఇంటికి వచ్చారు.

మూడో ఏడు చాలినన్ని పాయింట్లు పోగయ్యాయి. మైళ్లలోకి మారుద్దామని నొక్కితే, కుదరదని వచ్చింది. నా బ్యాంకు కార్డు మీద ఇంటిపేరు ఒక్క అక్షరం, పక్కన నా పేరు. పాస్‌పోర్టు చూసి తెరిచిన విమాన కంపెనీ ఖాతాలో నా పేరు ముందు, పూర్తి ఇంటిపేరు వెనక. వాళ్ల లెక్కలో మేం ఇద్దరం వేరువేరు ఆడవాళ్లం. ఫోనులో కంపెనీ అమ్మాయి ఎంతో మర్యాదగా, "ఆ రెండో ఆవిడ చేత ఒక ఉత్తరం పెట్టించగలరా మేడమ్?" అని అడిగింది. ఆ రెండో ఆవిడా నేనేనని నమ్మించడానికి నెలన్నర పట్టింది.

తర్వాత తేదీల గొడవ. వేసవి సెలవుల్లో మైళ్లకిచ్చే మామూలు సీటు ఒక్కటీ లేదు. వెళ్లడానికి ఒకే ఒక్క రోజున మాత్రం పెద్దసీట్లు రెండున్నాయి. పెద్దాయన ఫోనులోనే సంబరపడిపోయారు. "అదృష్టవంతులండీ మీరు. ఈ సీట్లు డబ్బు పెట్టి కొనాలంటే మా బోటివాళ్లం పేపర్లో చదువుకోవాలంతే."

ఆ రోజు అమావాస్య, పైగా మంగళవారం. మా అత్తగారు కేలండరు చూసి వద్దన్నారు. నేను కంపెనీ వాళ్లకి అమావాస్య తెలియదని చెప్పాను. చివరికి పురోహితులుగారు దారి చూపారు. ముందు వచ్చే ఆదివారం మంచి ముహూర్తంలో మా పెట్టెని ఎదురింట్లో పెట్టించారు. ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్కట. రెండు రోజులపాటు ఏ చీర కావాలన్నా ఎదురింటికి వెళ్లి తలుపు కొట్టాను.

హైదరాబాద్‌లో విమానం ఎక్కగానే కుర్చీలాంటిది, మంచంలాంటిది మధ్యరకంగా ఉన్నదేదో చూపించి మమ్మల్ని కూర్చోమన్నారు. మావారు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఎయిర్ హోస్టెస్ మెనూ కార్డు ఇస్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి నా వైపు వంగారు.

"రేట్లు వెయ్యలేదు. ముందే అడుగు."

"అన్నీ అందులోనివేనండి."

"ఎందులోవి?"

"పాయింట్లలోవి."

అది విన్నాక ఆయన కార్డులో ఉన్నవన్నీ వరసగా తెప్పించుకున్నారు. మూడు గంటల పైచిలుకు ప్రయాణంలో ఆ మంచం వెనక్కి వాల్చుకోవడానికి కూడా ఆయనకి తీరిక దొరకలేదు.

మస్కట్‌లో అక్క బయట నిలబడి ఉంది. మమ్మల్ని చూసి ముందు నా జడ సరిచేసింది, తర్వాత ఏడ్చింది. తను ముగ్గురు ఆడవాళ్లతో కలిసి ఒక గదిలో ఉంటుంది. మాకు దగ్గర్లోనే చిన్న లాడ్జిలో గది మాట్లాడింది. తన మంచానికి తెర, తెర వెనక గోడకి మేకు, మేకుకి ఊళ్లోని తన ఇంటి తాళాలు. ఇక్కడి ఇంటి తాళాలు అక్కడ మేకుకి ఎందుకని అడిగాను. "చూసుకుంటూ ఉంటానే" అంది.

మా తిరుగు ప్రయాణం రోజే అక్క కూడా సెలవు మీద బయల్దేరాలి. మాకు మళ్లీ పెద్దసీట్లే దొరికాయి. తను మాత్రం ఎప్పట్లాగే రెండుచోట్ల దిగి ఎక్కే టికెట్టు కొనబోతోంది. నాకు లెక్కల బుద్ధి పోదు కదా, ఇన్నేళ్లుగా తిరిగిన తన మైళ్లు ఎన్ని ఉన్నాయో అడిగాను.

"ఏ మైళ్లే?"

"విమానం ఎక్కినప్పుడల్లా ఖాతాలో పడతాయక్కా."

"ఖాతా ఎవరు తెరిచేరే? ఎక్కమన్నారు, ఎక్కేను. దిగమన్నారు, దిగేను."

ఆ మాట విన్న దగ్గర్నించి నాకు అన్నం సయించలేదు. మూడేళ్లు నేను వీధి వీధంతా తిరిగి పోగేసుకున్నదానికన్నా ఎక్కువ తను కూర్చున్నచోటే సంపాదించి, సంపాదించానని తెలియకుండానే పోగొట్టుకుంది. లాడ్జికి వచ్చి పెద్దాయనకి ఫోన్ చేశాను. నా సీటు అక్కకి ఇవ్వొచ్చా అని అడిగాను.

"పేరు మార్చరండి. రద్దు చేసి, మళ్లీ ఆవిడ పేరున తీసుకోవాలి. కొన్ని మైళ్లు కోసుకుంటారు. అసలు చిక్కేంటంటే, వదిలేసిన సీటు మళ్లీ కనబడొచ్చు, కనబడకపోవచ్చు. ఆలోచించుకోండి."

నేను ఆలోచించుకోలేదు. నొక్కేశాను. సీటు పోయింది. మళ్లీ చూస్తే లేదు. ఇంకోసారి చూస్తే లేదు. మావారు మంచమ్మీద లేచి కూర్చున్నారు.

"చేతిలో సీటు పారబోసేవన్నమాట."

"వస్తుందండి."

"వదినగారికీ లేకుండా, నీకూ లేకుండా, ఇప్పుడక్కడ ఎవరు కూర్చుంటారు?"

గంటన్నర ఆ ఫోను కేసి చూస్తూ కూర్చున్నాను. మావారు విసుక్కుని స్నానానికి వెళ్లిన సమయంలో సీటు కనబడింది. అక్క పాస్‌పోర్టులో ఎలా ఉందో అలా అక్షరం అక్షరం కొట్టాను. ఈసారి ఇంటిపేరు పూర్తిగా రాశాను. తలుపు బయట నిలబడి "వచ్చేసిందండీ" అంటే, లోపల్నించి "సబ్బా?" అన్నారు.

అక్కకి చెబితే ఒప్పుకోలేదు. నువ్వు కూడబెట్టుకున్నదాంట్లో నేనెలా కూర్చుంటానంది. రద్దు చేస్తే మైళ్లు కోస్తారని కొంచెం పెంచి చెప్పాను. ఏదైనా వృథా అవుతుందంటే అక్క తట్టుకోలేదు. షాపు ఓనరు తన టికెట్టుకని ఇచ్చిన డబ్బు తీసి నా చేతిలో పెట్టింది. దాంతో అదే విమానంలో నాకు వెనక సీటు దొరికింది.

అలా వస్తున్నప్పుడు మా అక్కా మావారూ ముందు, నేను వెనక, మధ్యలో తెర. వాళ్లిద్దరూ ఒకరంటే ఒకరికి చచ్చేంత మర్యాద. పాతికేళ్లలో "బాగున్నారా వదినగారూ", "ఆయ్, బాగున్నాను మరిదిగారూ" దాటి మాట్లాడుకున్నది లేదు. అక్కడ ఏం జరుగుతోందో చూడాలని ప్రాణం కొట్టుకుంది. లేచి తెర దాకా వెళ్లాను. ఎయిర్ హోస్టెస్ చిరునవ్వుతోనే ఆపేసింది. "మా ఆయన లోపలున్నారమ్మా" అన్నాను. "వారు బాగానే ఉన్నారు మేడమ్, మూడోసారి ఐస్‌క్రీమ్ తింటున్నారు" అంది. కాసేపటికి మావారే తెర పక్కకి జరిపి, కాగితం రుమాల్లో చుట్టిన చాక్లెట్లు నాలుగు నా ఒళ్లో పడేసి, దొంగతనం చేసినవాడిలా వెళ్లిపోయారు.

హైదరాబాద్‌లో దిగాక అక్కని పట్టుకుని వరసగా అడిగాను. ఏం పెట్టారు, మంచం ఎంత వాల్చావు, సినిమా ఏం చూశావు. ఒక్కో దానికి విలువ కట్టాలని నా ఆత్రం.

"ఏమీ చూళ్లేదే. కూర్చోగానే నిద్ర పట్టేసింది. దిగేటప్పుడు మరిదిగారు లేపేరు."

"అన్నం?"

"తినలేదు. ఆ అమ్మాయి దుప్పటి కప్పింది. లేపబుద్ధి కాలేదంట."

మావారు ఆ మాట నిజమేనన్నారు. "వదినగారు చెయ్యి ఇలా తలకింద పెట్టుకుని పడుకున్నారు. నీకు చాక్లెట్లిచ్చి వచ్చాక, మళ్లీ కదిలితే లేస్తారేమోనని నేను బాత్రూంకి కూడా వెళ్లలేదు." దిగగానే ఆయన అంత పరుగు ఎందుకు పెట్టారో అప్పుడర్థమైంది.

సామాను వచ్చే బెల్టు మీద మొట్టమొదట వచ్చినది అక్క పెట్టె. పెద్దసీటు వాళ్ల సామాను ముందు పంపిస్తారు. అక్క దాన్ని పోనిచ్చింది.

"నీదే కదక్కా?"

"నాది ఎప్పుడూ ఆఖర్న వస్తుందే. ఇది ఎవరిదో, ముట్టుకోకు."

రెండో చుట్టులో తాడు మీద తను కుట్టిన ఎర్రగుడ్డ గుర్తు చూశాక గాని నమ్మలేదు.

నెల తర్వాత తను మళ్లీ వెళ్లే ముందు, ఇద్దరం ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్లాం. పెద్దాయన స్వయంగా అక్క పేరున మైళ్ల ఖాతా తెరిచారు. బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు అక్క అడిగింది.

"నీ పాయింట్లు మళ్లీ అంత అవ్వాలంటే ఎన్నాళ్లు పడుతుందే?"

"మూడేళ్లు. రానూపోనూ ఇద్దరికి."

"ఒక్కరికి, రావడానికి మాత్రమే అయితే?"

నేను తన మొహం కేసి చూశాను. తను రోడ్డు అవతల ఎవరో ఆటోలోంచి దింపుకుంటున్న వాషింగ్ మెషిన్ కేసి చూస్తోంది.

"ఏడాది పట్టదక్కా" అన్నాను.

"ఆయ్, అయితే కానీ మరి" అంది.