వదిన చుట్టిన మోటారు

పోయిన వారం నంద్యాలలో మా ఇంటి నీళ్ల మోటారు మొరాయిస్తే, బాగుచేయడానికి ఇరవై ఏళ్ల అమ్మాయి వచ్చింది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, స్క్రూలు విప్పుతూ తలెత్తకుండానే "ఆళ్లగడ్డ పక్కన, అక్క కాడ" అంది. ఆ అక్క మా వదినే. నాకు సంతోషం ఎంత పొంగిందంటే, మోటారు సంగతి మరిచి ఆ పిల్లకు రెండోసారి కాఫీ పెట్టాను.

మా అన్నది ఆళ్లగడ్డ పక్క పల్లె. పెళ్లైన నాటి నుంచి వదిన కలుపుతీతకూ, మిరపకాయల కోతకూ కూలికి పోయేది. వానలు మొహం చాటేసిన ఏడు ఆ పనీ లేకుండా పోయింది. నంద్యాలలో పల్లె ఆడవాళ్లకూ కుర్రవాళ్లకూ ఉచితంగా పనులు నేర్పుతున్నారని విని మా ఇంట్లో దిగింది. కుట్టుపనే అనుకున్నాను. మొదటిరోజు సాయంత్రం చేతులనిండా గ్రీజుతో వచ్చింది. అందరూ మగపిల్లలే ఉన్న మోటార్ల గదిలో కూర్చుందట. నేర్పే ఆయన "కుట్టుమిషన్లు పక్క గదిలోమ్మా" అన్నాడట.

"ఊర్లో కుట్టేటోళ్లు నలుగురుండారు సార్. మోటారు కాలితే మాత్రం ఈడిదాకా మోసుకొస్తాండారు. నాకు ఈ పనే చెప్పండి" అందట ఈమె.

కాలిన మోటారులో కొత్త తీగ చుట్టడం చేతికి అలవాటు కావాలని, ఆ నెలరోజులూ మా చపాతీ కర్రకు రాగితీగ చుట్టి, విప్పి, మళ్లీ చుట్టేది. చపాతీలు తీగ మీది వార్నిష్ వాసన వేస్తున్నాయని అనే ధైర్యం మా ఆయనకు లేకపోయింది.

తిరిగి వెళ్లి ఊళ్లో బస్సులు ఆగే చోట రేకుల గదిలో అంగడి పెట్టింది. ఫ్యాన్లూ మిక్సీలూ వచ్చేవి, పొలం మోటారు మాత్రం ఒక్కటీ రాలేదు. "ఆడమనిషి చుట్టిన మోటారు నీళ్లు తోడతాదా?" అని ఒక పెద్దరైతు ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు. ఎండలు ముదిరి మిరపతోట వాడిపోతున్న రోజుల్లో ఆయన మోటారే కాలిపోయింది. నంద్యాలలో నాలుగు రోజులు ఆగమన్నారు. చివరకు ఆయనే అంగడి ముందు నిలబడి, నేల చూస్తూ, "చేస్తావామ్మా?" అన్నాడు.

"రేపు సాయంత్రానికి బిగిస్తా, నాయనా."

మర్నాటి సాయంత్రం, అన్న ఇంటికొచ్చిన నేనూ అక్కడే ఉన్నాను. కాలువగట్టున సగం ఊరు చేరింది. పెద్దరైతు పాలేరు స్టార్టరు నొక్కగానే మోటారు హూమని మూలిగి, గడగడా వణికింది గానీ తిరగలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఆపన్నా!" అని అరిచి వదిన మూత విప్పింది. ఒక్కో తీగనూ వేలితో తడుముతూ, పెదవులు కదుపుతూ చూసింది. తర్వాత లేచి, అందరికీ వినబడేలా, "ఒక కాయిలు తీగ కొసలు తారుమారైనాయి. తప్పు నాదే" అంది. విప్పి, మార్చి కట్టి, టేపు చుట్టింది. "వెయ్యన్నా."

పైపు ఒకసారి దగ్గింది. నీళ్లు ఎగిరిపడ్డాయి. పెద్దరైతు దోసిలి నిండా పట్టి నెత్తిన పోసుకున్నాడు. "నా నోరు పడిపోను! ఏం దుముకుతాండాయమ్మా నీళ్లు!"

మర్నాడు పొద్దున్నే ట్రాక్టరులో మూడు మోటార్లు వచ్చాయి. ఆ తర్వాత పని నేర్చుకుంటామని ఆడపిల్లలూ వచ్చారు. ఇప్పుడు పాణ్యంలోనూ బనగానపల్లెలోనూ ఆమె శిష్యురాళ్ల అంగళ్లు ఉన్నాయి.

ఒక ఊరి ఆలోచన మారడానికి తరాలు పడుతుందని పెద్దలంటారు. నేను కళ్లారా చూసినప్పుడు మాత్రం పది నిమిషాలే పట్టింది.