ఇరవయ్యో పిలుపు దగ్గర

కంప్యూటర్ ఆగిపోతే ప్లగ్గు పీకి మళ్లీ పెట్టడం, తొంభైల చివర్లో నంద్యాలలో అందరికీ తెలిసిన వైద్యం అదొక్కటే. దాని పేరెత్తితేనే నాకు ఒళ్లు మండేది.

అప్పుడు నేనొక విత్తనాల వ్యాపారి దగ్గర పనిచేసేదాన్ని. సంచులకు అంటించే చీటీల కోసం ఒక ప్రోగ్రాం రాశాను. ఒకే పంటలో వచ్చిన విత్తనమంతా ఒక లాటు. ప్రతి లాటుకూ అది మొలిచిన తల్లి లాటు ఏది, ఆ తల్లికి తల్లి ఏది అని ఒకే ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటూ మొదటిదాకా వెతికేది. ఇరవయ్యో పిలుపు దగ్గర ఆగమని బ్రేక్‌పాయింట్ కూడా పెట్టాను. మా గోదాములో ఇరవై తరాల విత్తనం ఎక్కడిది?

ఒకరోజు పొద్దుటి నుంచీ నడిచిన ప్రోగ్రాం ఆళ్లగడ్డ లాట్ల దగ్గర ఆగింది. బయట లారీ సిద్ధంగా ఉంది. యజమాని వచ్చి ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

"ఆడపిల్లతో రాయించుకుంటే ఇట్లే ఉంటాది. ఆర్పి మళ్లా పెడతా. అప్పుడూ కాకుంటే రేపట్నుంచి నువ్వు రావద్దు."

"చెయ్యి తీయండన్నా. అది చెడిపోలేదు, నేను ఆపమన్న చోట ఆగింది. మళ్లా పెడితే మళ్లా ఈడికే వస్తాది."

నేను కుర్చీలోంచి లేవలేదు. ఆ పిలుపుల వరస చూపించే కాల్ స్టాక్ తెరిచాను. ఒకదాని కోసం ఒకటి కాచుకుని ఇరవై పిలుపులు, అన్నింట్లోనూ ఒకే లాటు నంబరు. ఆళ్లగడ్డ రైతు "మా సొంత విత్తనమే" అని చెప్పగానే, మా గుమాస్తా తల్లి గడిలో కూడా ఆ లాటు నంబరే వేసేశాడు. తనకు తానే తల్లి అయిన విత్తనం.

రిజిస్టరులో ఆ రైతు పోయినేడు ఇచ్చిన లాటు నంబరు వెతికి, ఆగిన చోటే తల్లి గడిలో దాన్ని వేశాను.

"ఇంకేం, నడిపించు," అన్నాడు యజమాని.

"ముందు మీరు చదవండన్నా. తప్పు యాడుందో చూసినాకనే నడిపిస్తా."

ఆయన ముఖం ఎర్రబడింది. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. చివరికి ఆయన వంగి, ఆ నంబర్లను వేలితో ఒక్కొక్కటే చూసుకుంటూ కిందిదాకా వచ్చాడు. గుమాస్తా వైపు తిరిగి చూశాడు.

అప్పుడు నడిపించే మీట నొక్కాను. కాచుకున్న పిలుపులన్నీ జవాబు అందుకుని వరసగా ముగిశాయి. ప్రింటరు కదిలింది.

"రేపు పొద్దున్నే రా," అన్నాడాయన.

"వస్తా. నన్ను అడక్కుండా ప్లగ్గు ముట్టుకుంటే మాత్రం ఆ రోజే పోతా."

ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.