శనివారం పేపరు

కొత్తిమీర కట్ట ఉన్న పాలిథిన్ కవరు విప్పినప్పుడల్లా నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ గరగర చప్పుడుకు హాల్లో మూల నుంచి "వీక్, వీక్" అని ఈల వినిపించాలి. అది వినిపించి మూడేళ్లయింది. ఇప్పుడు మా ఇంట్లో గినీ పిగ్ లేదు, దాని పంజరమూ లేదు. దాన్ని బతికించుకోవడం నాకు నేర్పిన గ్రేసమ్మ టీచర్ గారు పోయి ఏడాది దాటింది. అయినా ఇవాళ రైతుబజారు నుంచి వచ్చి కవరు విప్పి, అలవాటుగా ఆగి, కొత్తిమీర కాడలు విడిగా తీసి పక్కన పెట్టాను. కాడలంటే జున్నుకు ప్రాణం.

జున్ను అనే పేరు మా అమ్మాయి హారిక పెట్టింది. అయిదో తరగతిలో ఉండగా పట్టుబట్టి మరీ తెప్పించుకుంది. ఒళ్లంతా మీగడ రంగు, ఒక చెవి మాత్రం నల్లన. మా అత్తయ్య గారు దాన్ని చూస్తూనే, "ఉన్న ఎలకల్ని వెళ్లగొట్టలేక చస్తుంటే తోకలేనిదాన్ని ఇంకోదాన్ని తెచ్చారా?" అన్నారు. అని ఊరుకోలేదు, దానికి పెరుగన్నం కలిపి గిన్నెలో పెట్టారు. నేనూ అదే సరైనదనుకున్నాను. మా ఇంట్లో ఎవరికి ఏం చేసినా ముందు పెరుగన్నమే.

ధవళేశ్వరంలో మా పక్క వాటాలో ఉండేవారు గ్రేసమ్మ టీచర్ గారు. మిషను హైస్కూల్లో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఆవిడ బడి వదిలినా బడి ఆవిడను వదల్లేదు. ఎండున్నా లేకున్నా గొడుగు, భుజానికి సంచీ అంత హ్యాండ్‌బ్యాగు, ఎదుటివాళ్ల జవాబు పూర్తయ్యేదాకా రెప్ప వెయ్యని చూపు. చదువుకునే రోజుల్లో కాలేజీలో ప్రయోగాల కోసం పెంచే గినీ పిగ్‌ల గది చూసే పని ఆవిడకే అప్పగించారట. పెరుగన్నం గిన్నె చూసి ఆవిడ నవ్వలేదు. గిన్నె తీసి నా చేతిలో పెట్టారు.

"ఇది మీ అత్తగారికివ్వమ్మా. దీనికి గడ్డి కావాలి, పగలూ రాత్రీ ఎదురుగా ఉండాలి. దీని పళ్లు పెరుగుతూనే ఉంటాయి, నమలకపోతే అరగవు. దీని పేగు నడుస్తూనే ఉండాలి, ఆగిందంటే ప్రాణం మీదికొస్తుంది. మనకి లాగే దీనికీ విటమిన్ సి ఒంట్లో తయారవదు. రోజూ ఇంత కాప్సికమో, జామకాయ ముక్కో, కొత్తిమీరో పెట్టు."

"నోరు లేని జీవం కదండీ, ఏమైనా అయితే మనకెలా తెలుస్తుంది?" అన్నాను.

"అది మనం చెప్పుకునే సాకు. దానికి బరువుంది, పెంటికలున్నాయి. అవి రోజూ మాట్లాడతాయి. వినేవాళ్లుండాలి."

ఆ రోజే హారికకు ఒక నోటుపుస్తకం ఇచ్చారు. ప్రతి ఆదివారం చర్చిలో ఆరాధన ముగించుకుని, తెల్లచీర మడత నలగకుండానే నేరుగా మా ఇంటికి వచ్చేవారు. వంటింటి కాటా మీద ప్లాస్టిక్ బేసిన్ పెట్టి, అందులో జున్నును కూర్చోబెట్టి, అంకె చదివేవారు. హారిక రాసేది. పంజరంలో పరిచే పేపరు ఏరోజుకారోజు మార్చాలన్నది ఆవిడ పెట్టిన నియమం. ఇంకో నియమం గోడ మీద రాయించినంత పని చేశారు. "తిండి మానేస్తే ఆ పూటే నన్ను పిలవాలి. మర్నాడు కాదు." నేను సరేనండీ అన్నాను. సరేననడం ఎంత తేలికో!

ఆ ఏడాది ఎండాకాలంలో ఒక శుక్రవారం సాయంత్రం హారిక జున్నుకు పుచ్చకాయ ముక్క పెట్టింది. శనివారం తెల్లవారి లేచేసరికి అది మూలన ముడుచుకుని ఉంది. ఆ రోజు మేమంతా అన్నవరం వ్రతానికి బయలుదేరుతున్నాం. పేపరు మారుస్తూ హారిక, "అమ్మా, జున్ను గడ్డి ముట్టుకోవట్లేదు. టీచర్ గారిని పిలవనా?" అంది. వ్యాను అప్పటికే గుమ్మంలో హారన్ కొడుతోంది. అత్తయ్య గారు చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, "పుచ్చకాయ పడలేదు దానికి. లంఖణం పరమౌషధం. ఒక్క పూట కడుపు ఖాళీగా ఉంటే అదే సర్దుకుంటుంది" అన్నారు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే మా అమ్మ చేసిందీ అదే. నాకు ఎంతో సబబుగా తోచింది. పంజరంలోని గడ్డీ ఆకులూ నా చేత్తో నేనే తీసేసి, నీళ్లు మాత్రం ఉంచి, తలుపు తాళం వేశాను.

చీకటి పడ్డాక తిరిగొచ్చి, అలసటలో దాని వంక చూసి, కదులుతోంది కదా అనుకుని గడ్డి వేసి పడుకున్నాను. పొద్దున కూడా ఆ గడ్డి అలాగే ఉంది. పక్క వాటా తలుపు పది అడుగుల దూరం. వెళ్లలేకపోయాను. నిన్న చెప్పాల్సిన మాట ఇవాళ ఎలా చెప్పను? ఆరాధన అయ్యేలోగా తినేస్తుందేమోనని జామకాయ ముక్కలు కోసి మూతి దగ్గర పెడుతూ కూర్చున్నాను. అది మొహం తిప్పుకుంది. పళ్లు కొరుకుతున్న చప్పుడు మాత్రం సన్నగా వినిపిస్తోంది.

టీచర్ గారు వచ్చారు. కాటా మీద అంకె చూశారు. పోయిన ఆదివారం ఎనిమిది వందల నలభై గ్రాములు. ఆ రోజు ఏడు వందల నలభై అయిదు.

"ఎప్పట్నుంచి తినట్లేదు?"

"నిన్న రాత్రి దాకా తిన్నదండీ" అన్నాను. హారిక తల పైకెత్తి నన్ను చూసింది. నేను అమ్మాయి వైపు చూడలేదు.

టీచర్ గారు పంజరంలో చెయ్యి పెట్టి కింద పరిచిన పేపరు బయటికి తీశారు. శనివారం పేపరు. దాని మీద ఎండిపోయిన చిన్న చిన్న పెంటికలు నాలుగో అయిదో ఉన్నాయి. మామూలుగా అయితే పొద్దు తిరిగేసరికి లెక్కపెట్టలేనన్ని ఉండేవి. ఆవిడ వాటిని దులిపేసి, పేపరును నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు. "ఆటో పిలువు" అన్నారు.

రాజమండ్రిలో పశువుల డాక్టరు గారు ఆవిడ పాత విద్యార్థి. ఆదివారమైనా ఫోన్ చెయ్యగానే క్లినిక్ తెరిచారు. దారి పొడవునా జున్ను హారిక ఒళ్లో తువ్వాల్లో ఉంది. గోదావరి గట్టు మీద ఆటో ఎగిరిన ప్రతిసారీ హారిక ముందుకు వంగి దాన్ని కాచుకుంటోంది. "ఊపిరి తీస్తోందా?" అని నేనడిగితే తువ్వాలును ఇంకా దగ్గరికి లాక్కుంది. నా ఒడిలో ఉండాల్సిన భయమంతా పదేళ్ల పిల్ల ఒడిలో పెట్టానని అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు విప్పలేదు.

డాక్టరు గారు దాని నోట్లో లైటు వేసి చూశారు. లోపలి దవడ పన్ను ఒకటి వాడిగా పెరిగి నాలుకను కోస్తోంది. ఆకలి ఉన్నా నమలలేకపోతోంది. పుచ్చకాయ పాపం ఏమీ లేదు.

"మత్తిచ్చి పన్ను అరగదీయాలి. చివరిసారి ఎప్పుడు తిన్నదండీ?" అని అడుగుతూ ఆయన సిరంజి చేతిలోకి తీసుకున్నారు.

"నిన్న రాత్రి" అన్నాను.

"అయితే పర్వాలేదు, ఇప్పుడే చేసేద్దాం."

టీచర్ గారు హ్యాండ్‌బ్యాగు తెరిచి, మడిచిన పేపరు తీసి, బల్ల మీద నా ముందు పెట్టారు. శనివారం అన్న అక్షరాలు పైకి కనిపిస్తున్నాయి. ఆవిడ డాక్టరు గారితో ఒక్క మాట అనలేదు. నా మొహంలోకే చూస్తూ నిలబడ్డారు. డాక్టరు గారు మందు సీసా తలకిందులు చేసి సూది గుచ్చారు.

"ఆగండి!" అన్నాను. "నిన్న కాదండీ. శుక్రవారం సాయంత్రం. తిండి నేనే తీసేశాను."

ఆయన సిరంజి కింద పెట్టేశారు. "రెండు పగళ్లు తిండి లేని ప్రాణికి ఇప్పుడు మత్తిస్తే లేవదండీ" అన్నారు మెల్లగా. నొప్పికి మందు వేసి, చర్మం కిందికి సెలైన్ ఎక్కించారు. పొడి ఆహారం నీళ్లలో కలిపి సూది లేని సిరంజితో బుగ్గ పక్క నుంచి కొద్దికొద్దిగా తాగించమన్నారు. పేగు కదిలాకే పన్ను సంగతి.

ఇంటికొచ్చాక ఆ పని టీచర్ గారు నా చేతే చేయించారు. మొదటి చుక్క మింగడానికి జున్ను తీసుకున్నంత సేపు నేను ఏ పరీక్ష ఫలితం కోసమూ ఎదురుచూడలేదు. "తోసెయ్యకు, పొలమారుతుంది. నమలనీ" అంటూ పక్కనే కూర్చున్నారు. సిరంజి ఖాళీ అయ్యాక నేనే అడిగాను.

"ఇంట్లోనే ఎందుకు నిలదీయలేదండీ?"

"నేను చెబితే డాక్టరుకి తెలుస్తుంది. నీకు తెలియదు" అన్నారు. జున్ను మూతి తుడుస్తూ, "తప్పు అందరం చేస్తాం పద్మా. నువ్వు ఆ తప్పు జరిగిన గంటల్ని కూడా దాచేశావు. ఆ గంటల లెక్క మీదే దాని ప్రాణం ఉందమ్మా" అన్నారు.

మర్నాడు పొద్దున పేపరు మీద పెంటికలు కనిపించాయి. హారిక వాటిని చూసి ఏడ్చింది, నేనూ ఏడ్చాను, అత్తయ్య గారు "ఇదెక్కడి విడ్డూరం!" అంటూ కళ్లు తుడుచుకున్నారు. ఆ సాయంత్రమే డాక్టరు గారు పన్ను అరగదీశారు. నాలుగో రోజు నేను కవరు విప్పుతుంటే ఈల వినిపించింది. జున్ను ఆరో ఏడు దాకా బతికి, ముసలితనంతో పోయింది.

ఇక్కడితో ఆపేస్తే నేను పాఠం నేర్చుకున్నానని మీరు అనుకుంటారు. కిందటేడు శ్రమకాలంలో, గుడ్ ఫ్రైడేకి ముందు వచ్చే ఆ నలభై రోజుల్లో, టీచర్ గారి చేతి గడియారం మోచేతి వైపు జారిపోవడం గమనించాను. "తింటున్నారా టీచర్ గారూ?" అన్నాను. "ఉపవాసాలు కదమ్మా" అన్నారు. ఉపవాసమంటే పెద్దవాళ్లను ఏం అడుగుతాం? మర్యాద అనుకుని ఊరుకున్నాను. ఈస్టరు వెళ్లాక ఆవిడను ఆస్పత్రిలో చేర్చారు. ఎప్పటినుంచి తినడం లేదని డాక్టరు అడిగితే ఆవిడ నా వైపు చూపించారు. "నలభై రోజులు దాటిందండీ" అన్నాను. ఆవిడ దిండు మీద నుంచే నవ్వారు. "ముద్ద దిగక మానేశాను. దానికి ఉపవాసమని పేరు పెట్టుకున్నాను. మీ అత్తగారి లంఖణం లాగానే" అన్నారు. కడుపులో కణితి అప్పటికే ముదిరిపోయింది. వానలు మొదలవకముందే వెళ్లిపోయారు. ఎలుకంత ప్రాణిని ప్రతి వారం తూచిన ఇంట్లో ఆవిడను ఒక్కసారి కాటా ఎక్కమనడానికి నాకు నోరు రాలేదు. ఆ బాధ తీరేది కాదు.

ఇవాళ కొత్తిమీర కాడలు పక్కన పెడుతుంటే గదిలోంచి అత్తయ్య గారు పిలిచారు. "నాకు వండకమ్మా పద్మా. కడుపు బరువుగా ఉంది. లంఖణం పరమౌషధం."

వెళ్లి, "చివరిసారి ఎప్పుడు తిన్నారండీ?" అన్నాను.

"పొద్దున ఇడ్లీ తిన్నాను కదే."

వంటింట్లోకి వెళ్లాను. గట్టు మీద మూత పెట్టిన పళ్లెంలో పొద్దున నేను పెట్టిన రెండు ఇడ్లీలూ అంచులు ఎండిపోయి అలాగే ఉన్నాయి. పళ్లెం తెచ్చి మంచం మీద ఆవిడ ముందు పెట్టి, పక్కనే కూర్చున్నాను. ఆవిడ పళ్లెం వంక చూశారు, నా వంక చూశారు, చీర కొంగు వేలికి చుట్టుకున్నారు.

"నిన్న మధ్యాహ్నం నుంచి" అన్నారు.