రాజమండ్రి పొద్దు, నస్పూర్ పొద్దు

నిన్న పొద్దున టీవీలో నలుగురు పెద్దమనుషులు కూర్చుని, దేశానికి ఒక టైం చాలా, రెండు కావాలా అని వాదించుకుంటున్నారు. ఈశాన్యంలో సూర్యుడు ముందే వచ్చేస్తాడు, ఆఫీసులు తెరిచేసరికి సగం వెలుగు వృథా అని ఒకాయన గోడు. దేశమన్నాక అందరికీ ఒకే గడియారం ఉండాలి, లేకపోతే క్రమశిక్షణ ఎక్కడిదని ఇంకొకాయన బల్ల గుద్దాడు. నేను ఉప్మా ప్లేటు పక్కన పెట్టి, "నువ్వు మా మేనత్త చేతిల పడాల్సింది" అన్నాను టీవీతో. మా ఆయన సౌండు తగ్గించి, ఇక మొదలైంది అన్నట్టు చూశారు. అవును, మొదలైంది. అందరికీ ఒకే గడియారం అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒకప్పుడు ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. నడినెత్తిన సూర్యుడుంటే పన్నెండు, అంతే. రైళ్లు వచ్చాక ఊరికో టైం ఉంటే బండ్లు ఎట్లా నడుస్తాయని తెల్లదొరలు కొన్నాళ్లు మద్రాసు టైం పట్టుకున్నారు. తర్వాత మీర్జాపూర్ మీదుగా కాకినాడ వైపు దిగే ఒక గీత గీసి, దాని మీద సూర్యుడు ఎక్కడుంటే దేశమంతటికీ అదే టైం అన్నారు. ఇదంతా నేను పెద్దయ్యాక చదువుకున్నది. చిన్నప్పుడు నస్పూర్ బొగ్గుగని కాలనీలో మాకు తెలిసిన టైం సైరన్ ఒక్కటే. అది కూస్తే పొయ్యి వెలిగేది, మళ్లీ కూస్తే మగవాళ్లు టిఫిన్ డబ్బాలతో బయలుదేరేవాళ్లు. ఎవరింట్లోనైనా గడియారం సైరన్‌తో కలవకపోతే తప్పు గడియారానిదే. ఖానాపూర్ దగ్గర మక్కజొన్న వేసుకునే మా మేనత్త, అంటే బాపు అక్క, వచ్చినప్పుడల్లా ఆ కూతకు ముఖం చిట్లించేది. "గది కూస్తె నాకు ఆకలైతదా?" అని, ఎండ వాకిట్లో గడప దాకా వచ్చాకే పళ్లెం ముందు కూర్చునేది. అవ్వకు, అంటే మా అమ్మకు, అదొక తలనొప్పి, కూర రెండుసార్లు వేడిచేయాలి.

మా అక్క పెళ్లి కాలనీలోనే, క్వార్టర్ ముందు పందిరి వేసి చేశాం. ముహూర్తం పొద్దున పూట. బాపుది గనిలో నీళ్లు తోడే పంపు దగ్గర పని. పంపు ఆగితే మనుషులు పనిచేసే చోటికి నీళ్లొస్తాయి, అందుకని తర్వాతి షిఫ్టుకు చేతులు మార్చే మనిషి వచ్చేదాకా అక్కణ్నుంచి కదలకూడదు. రాత్రి షిఫ్టు చేసి పొద్దున పైకొచ్చి, తానం చేసి పీటల మీద కూర్చుంటే సరిపోతుంది, ఉన్న సెలవులు పెళ్లి తర్వాతి రాకపోకలకు ఉంటాయి అని లెక్కవేశాడు మా బాపు. బిడ్డ పెళ్లి రోజున ఇలాంటి లెక్క బొగ్గుగని ఇళ్లలో తప్ప ఇంకెక్కడా వేయరు. సైరన్ కూసింది, షిఫ్టు విడిచింది, అందరి నాన్నలూ వచ్చారు, మా బాపు రాలేదు. చేతులు మార్చాల్సిన మనిషి రాలేదని కబురొచ్చింది. ఇంకొకరిని పంపుతున్నారట. అక్క బాసికం కట్టుకుని పీటల మీద తల వంచుకుంది. ఏడుస్తోందని నాకు భుజాలు చూస్తే తెలిసింది.

వరుడి పెద్దబాపు కరీంనగర్ మనిషి. రేడియో వార్తలతో గడియారం కలుపుకునే రకం. "టైం అయితాంది. చిన్నబాపు ఉన్నడు కదా, ఆయన కాళ్లు కడుగుతడు. కానియ్యుండ్రి" అన్నాడు. మా చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, పంచె సర్దుకుంటూ లేచాడు కూడా. అప్పుడు మేనత్త వచ్చి, వరుడి కాళ్లు కడిగే పళ్లేనికీ ఆయనకూ మధ్య నిలబడింది.

"అయ్యగారు, మీ పంచాంగం ఏ ఊర్ల అచ్చేసిండ్రు?"

"రాజమండ్రిల, అమ్మా."

"రాజమండ్రిల పొద్దు పొడిచినంక గదా మన నస్పూర్‌ల పొడిచేది. మరి గాళ్ల పొద్దుతోని మా పిల్ల లగ్గమెట్ల చేస్తరు? మా ముహూర్తం ఇంక రాలే."

"దేశమంతా ఒక్కటే టైం, అక్కా" అన్నాడు పెద్దబాపు, చేతి గడియారం చూపిస్తూ.

"గది రేలుబండికి పెట్టిన టైం, అన్నా. నా తమ్ముని బిడ్డ రేలుబండి కాదు."

పంతులుగారు పంచాంగం తిరగేస్తుంటే, పక్క క్వార్టర్ దర్జీ చాచా కుర్చీలోంచే అందుకున్నాడు. "అక్క బరాబర్ చెప్తున్నది అయ్యగారు. మా రంజాన్‌ల రోజా ఇడిసే టైం గూడ హైద్రాబాద్‌కు వేరే, మనకు వేరే. కార్డు మీదనే రాసుంటది." ఆ మాటతో పంతులుగారికి ధైర్యం వచ్చింది. కొన్ని నిమిషాల తేడా నిజమేనని ఒప్పుకున్నారు. ఆ నిమిషాలు కూడా అయిపోయాయి. బాపు రాలేదు. పెద్దబాపు మళ్లీ గొంతు సవరించుకున్నాడు. మా అత్త పందిరి అంచుకు వెళ్లి ఆకాశం చూసింది. "మబ్బు వట్టింది. పొద్దే కనవడ్తలేదు, ఏం జూసి లెక్కవెడ్తరు? జర ఆగుండ్రి" అని వచ్చి, పళ్లెం తన ఒళ్లో పెట్టుకుని కింద కూర్చుంది. ఆడమనిషి ఒళ్లోంచి పళ్లెం లాక్కునే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

బాపు సైకిల్ మీద వచ్చాడు. బూట్లు విప్పాడు, తానం మాట ఎవరూ ఎత్తలేదు. చెవుల్లో, కనురెప్పల మీద బొగ్గు. ఆ చేతులతోనే వరుడి కాళ్లు కడిగాడు, పళ్లెంలో నీళ్లు నల్లగా అయ్యాయి. అక్క మొదటిసారి తలెత్తి చూసింది.

నీకు నిజంగా ఆ లెక్క తెలుసా అని ఏళ్ల తర్వాత అత్తను అడిగాను. "ఎర్కైతేంది, లేకపోతేంది. మీ బాపు రావాలె, వచ్చిండు" అంది చిక్కుడుకాయలు గిల్లుకుంటూ. ఇప్పుడు అత్త లేదు, బాపూ లేడు. బతికినన్నాళ్లూ బాపు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకున్నది ఒక్కటే, బిడ్డను నా చేతులతోనే ఇచ్చిన అని. దేశానికి ఒక టైం పెట్టుకుంటారో, రెండు పెట్టుకుంటారో పెట్టుకోండి, రైళ్లు నడవాలి కదా. ఆ పొద్దున మా అత్త ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆ కాసేపటిని మాత్రం ఏ గడియారం లెక్కలోనూ కలపనివ్వను. అది మాది.