బంతి ఎటెళ్ళింది?

మా ఇంట్లో టీవీ కొన్న కొత్తలో బొమ్మ రావడమే గొప్ప. బాగా వచ్చిందా లేదా అని ఎవరూ అడిగేవారు కాదు. నూజివీడు చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా అప్పట్లో అంతే. పెరట్లో ఇనప గొట్టం పాతి, దాని తల మీద ఏరియల్ బిగించి, బెజవాడ వైపు తిప్పి పెట్టుకునేవాళ్ళం. కాస్త గాలి వీస్తే చాలు, అది పక్కకు తిరిగిపోయేది. తెర నిండా చీమలు పాకేవి. ఒకరు పెరట్లోకి పరిగెత్తి గొట్టం తిప్పడం, లోపలివాళ్ళు "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆ చాలు!" అని అరవడం. మా ఇంట్లో గొట్టం తిప్పే పని పక్కింటి లారీ డ్రైవరుది. హనుమాన్ జంక్షన్‌లో లారీ వదిలి సరాసరి మా ఇంటికే వచ్చేవాడు. నన్ను అక్కా అనేవాడు కాబట్టి మా ఆయన అతనికి బావ.

నేను ఊళ్ళో ఎలిమెంటరీ స్కూల్ టీచర్ని. మా ఆయన మామిడితోటల్లో కోత మేస్త్రీ. ఎంత ఎత్తు చెట్టయినా ఎక్కి, చివరి కొమ్మన ఉన్న కాయను చిక్కంతో, అంటే వల కట్టిన గెడతో, దెబ్బ తగలకుండా దించడంలో ఆయనకు పేరుంది. తోట తర్వాత ఆయనకు క్రికెట్ పిచ్చి. నాకు ఆ ఆటంటే ఒళ్ళుమంట. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికే ముందు గది నిండా మనుషులు, గుమ్మం నిండా చెప్పులు. అందరికీ టీ పెట్టాల్సింది ఎవరు? నేనే.

మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ బొమ్మలో తేడా ఉండేది. మన దేశంలో ఆడేవి మరీ అధ్వానం. కెమెరా ఒకవైపే పెట్టేవాళ్ళేమో, ఒక ఓవర్లో బ్యాట్స్‌మన్ ముఖం కనిపిస్తే తర్వాతి ఓవరంతా అతని వీపే. గడ్డీ ఆకాశమూ ఒకటే బూడిద రంగు. ఇక బంతి సంగతి చెప్పనే అక్కర్లేదు, అది ఎవరికీ కనబడేది కాదు. ఫీల్డర్లు ఎటు పరిగెడితే బంతి అటు ఉన్నట్టు లెక్క. అందుకని గదిలో ఎప్పుడూ ఒకటే కేక, "బంతి ఎటెళ్ళింది?" అని. అందరూ అడిగేవారు. మా ఆయనా అడిగేవారు. అందరూ అడిగే మాట ఒక మనిషి అడిగితే ఎవరు పట్టించుకుంటారు?

ఒక ఏడాది కాపులో కొమ్మల అంచుల్లో కాయలు మిగిలిపోతున్నాయని కూలీలు నవ్వుకున్నారు. "మేస్త్రీగారు ఉడతలకి వాటా వదుల్తున్నారండీ టీచరుగారూ" అని నాతోనే అన్నారు. ఆయన్ని అడిగితే చిక్కం వల సాగిపోయిందన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందే మీ వరస, అన్నాను. ఆయనా నవ్వేశారు. పట్టపగలు గుమ్మానికి కొట్టుకుని భుజం వాచినా పరధ్యానం అనుకున్నామే తప్ప ఇంకొకటి అనుకోలేదు.

మరుసటి ఏడాది, ఎండలు ముదరకముందే, ఆస్ట్రేలియా నుంచి మ్యాచ్ చూపించారు. మనకు తెల్లవారేసరికే అక్కడ ఆట మొదలైపోయింది. అదే టీవీ, అదే ఏరియల్, కానీ బొమ్మ మాత్రం కడిగి ఆరబెట్టినట్టుంది. గాలి కూడా లేదు. రెండు వైపులా కెమెరాలు. ఆటగాడి ప్యాంటు మీద గడ్డి మరక కనిపించింది. గదిలో అందరూ ఒక్కసారి ముందుకు జరిగారు. బంతి బ్యాట్‌కి తగిలి గీత గీసినట్టు వెళ్ళడం నేను కూడా చూశాను.

దాంతో అందరూ అడగడం మానేశారు. ఆయన ఒక్కరే మానలేదు.

"బంతి ఎటెళ్ళింది?"

"అదిగో బావా, ఫోరు పోయింది గదా" అన్నాడు డ్రైవరు.

ఇంకో రెండు బంతులయ్యాక ఆయన మళ్ళీ అడిగారు. "ఆటలాడతన్నావేంటి బావా" అని అతను నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత అడిగినప్పుడు ఎవరూ నవ్వలేదు. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయన తల చిన్నగా అటూ ఇటూ తిప్పుతున్నారు, నూకలు వెతుక్కునే కోడిలాగా. అంత చిన్న తెర కూడా ఆయన చూపులో ఒకేసారి పట్టడం లేదు.

గది ఒక్కసారిగా మూగబోవడం ఆయనకూ తెలిసినట్టుంది. "ఏరియల్ సరిగ్గా లేదురా, కాస్త తిప్పు" అన్నారు.

డ్రైవరు నా వంక చూశాడు. పెరట్లోకి వెళ్ళి గొట్టం తిప్పాడు. బొమ్మ చెదిరిపోయింది. చీమలు వచ్చేశాయి. గడ్డీ మనుషులూ ఏకమైపోయారు.

"వచ్చిందా బావా?" అని అరిచాడు బయట నుంచి.

"ఆ, చాల్చాలు. ఇప్పుడు బాగుంది" అన్నారు మా ఆయన.

అంత ఆట పిచ్చి ఉన్నవాళ్ళు, ఒక్కరంటే ఒక్కరు మళ్ళీ తిప్పమనలేదు. ఆట అయ్యేదాకా ఆ చీమల్నే చూస్తూ కూర్చున్నారు. వాళ్ళకు టీలు పెట్టడం మీద నాకున్న విసుగంతా ఆ పూటతో పోయింది.

మర్నాడే బెజవాడ తీసుకెళ్ళాను. కంటి డాక్టరు చాలాసేపు పరీక్షించి, నీటికాసులు అన్నాడు. "నొప్పి ఉండదమ్మా. పక్కల నుంచి చూపు తినుకుంటూ వస్తుంది. మధ్యలో ఈ కాస్తే మిగిలింది. పోయింది ఇక రాదు." మిగిలింది నిలబెట్టడానికి చుక్కల మందు ఇచ్చాడు, తర్వాత ఆపరేషనూ చేశాడు. నిలబడలేదు.

ఆ మొదటి రోజున డాక్టరు దగ్గరి నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, "ఈ కాపు దిగిందాకా తోటలో చెప్పమాకే" అన్నారు. చెబుతానన్నాను. చెప్పాను. కొమ్మ చివర ఎక్కడుందో కనబడని మనిషిని చెట్టెక్కనిచ్చి నేను బడిలో ఎక్కాలు చెప్పుకుంటూ కూర్చోలేను. తోట యజమాని మంచివాడే, కాయలు ఏరే చోట కూర్చోమన్నాడు. ఆయన ఒక పూట కూర్చుని వచ్చేశారు. నాతో చాలా రోజులు మాట్లాడలేదు. నాకూ కోపమే, దేవుడి మీద. ఆ మాట పాస్టరుగారితో అంటే మీకోసం ప్రార్థన చేస్తానమ్మా అన్నారు. చేసుకోండి అన్నాను.

చూపు పూర్తిగా పోయిన తర్వాత ఒక మధ్యాహ్నం, నేను చిక్కుడుకాయలు గిల్లుతుంటే ఆయనే కదిపారు.

"ఆ ఆస్ట్రేలియా మ్యాచ్ రోజున, వాడు గొట్టం తిప్పకముందు, బొమ్మ బాగుందా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "బాగుందండీ" అన్నాను.

"ఎంత బాగుంది?"

"గడ్డి మీద బంతి నీడ కూడా కనిపించిందండీ."

ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"అందరికీ నాలాగే కనబడతంది అనుకున్నానే" అన్నారు. "అందుకే ఎప్పుడూ చెప్పలేదు."